తెర మీద గీత పడితే

సినిమా సగంలో ఉండగా ఉన్నట్టుండి తెర నల్లబడిపోతుంది. మాటలు వినిపిస్తూనే ఉంటాయి, రిమోట్ నొక్కితే ఛానెల్ కూడా మారుతుంది, బొమ్మ మాత్రం ఉండదు. ఇంట్లో ఎవరో ఒకరు "ప్యానెల్ పోయింది" అని తేల్చేస్తారు. ప్యానెల్ ఖరీదు ఇంచుమించు టీవీ ఖరీదంత ఉంటుంది కాబట్టి, ఆ మాటతోనే కొత్త టీవీ లెక్కలు మొదలవుతాయి. నిజానికి ఈ లక్షణం కనిపించిన చాలా టీవీల్లో ప్యానెల్ నిక్షేపంగా ఉంటుంది. పోయింది దాని వెనకున్న దీపం.

బొమ్మ మన కంటిదాకా రావాలంటే చాలా మజిలీలు దాటాలి. ఉపగ్రహం నుంచో కేబుల్ నుంచో అంకెలుగా బయల్దేరుతుంది. సెట్‌టాప్ బాక్సులో విప్పబడి, వైరు మీదుగా టీవీలోకి వచ్చి, మెయిన్ బోర్డు దాటి, గాజుపలక అంచున ఉన్న చిప్‌లలోంచి లక్షల గళ్ళలోకి పంపకమై, చివరికి వెలుగై బయటపడుతుంది. చెడినప్పుడు ఒక్కో మజిలీది ఒక్కో తీరు. నిలువు గీత వేసే భాగం గళ్ళు వెయ్యలేదు, గళ్ళు వేసే భాగం తెరని చీకటి చెయ్యలేదు. అందుకే చెడిన బొమ్మ ఆకారాన్ని చదవడం నేర్చుకుంటే వెనక మూత విప్పకుండానే తప్పు ఎక్కడుందో చాలావరకు చెప్పొచ్చు. అనుభవమున్న మెకానిక్ స్క్రూడ్రైవర్ తీసే ముందు చేసేది ఇదే. ఇంటివాళ్ళు కూడా చెయ్యగలిగిన పని ఇది, చెయ్యాలని నా కోరిక.

వెనక దీపం, ముందు గాజు

దుకాణాల్లో ఎల్‌ఈడీ టీవీ అని అమ్మేవాటిలో బొమ్మ వేసేది ఎల్‌ఈడీలు కావు. అవి వెనకనుంచి తెల్లటి వెలుగు ఇస్తాయి, అంతే. ఆ వెలుగులో ఎక్కడ ఎంత బయటికి పోవాలో నిర్ణయించేది ముందున్న గాజు ప్యానెల్. రెండు పల్చటి గాజు పలకల మధ్య కొద్ది మైక్రాన్ల మందాన ద్రవ స్ఫటికం నింపి ఉంటుంది. మన తలవెంట్రుక మందంలో పదో వంతుకన్నా తక్కువ. పలకల ముందూ వెనకా ఒక్కో పోలరైజర్ పొర అతికించి ఉంటుంది. వెలుగు తరంగాల్లో ఒకే దిశలో కంపించేవాటిని మాత్రమే పోనిచ్చే పొర అది. రెండు పొరల దిశలూ ఒకదానికొకటి అడ్డంగా ఉండడం వల్ల మామూలుగా వెలుగు బయటికి రాదు. మధ్యలోని ద్రవ స్ఫటికానికి వోల్టేజి ఇస్తే దాని అణువులు తిరిగి, వెలుగు కంపించే దిశను మారుస్తాయి. ఎంత తిరిగితే అంత వెలుగు. దాని ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలుంటాయి. అన్ని పొరలూ దాటేసరికి వెనక దీపం ఇచ్చిన వెలుగులో పదో వంతు కూడా మిగలదు.

ఈ ద్రవ స్ఫటికం కథ టీవీకన్నా పాతది. 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టరాల్‌కి చెందిన ఒక ఎస్టర్‌ని వేడి చేస్తూ, అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసక ద్రవంగా మారడం, మళ్ళీ 178.5 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా తేటపడడం చూశాడు. ఒకే పదార్థానికి రెండు కరుగుదలలా అని విస్తుపోయాడు. ఆ మసక దశే ద్రవ స్ఫటికం. దానితో తెర చెయ్యొచ్చని అమెరికాలో ఆర్‌సీఏ సంస్థకి చెందిన జార్జి హైల్‌మయర్ బృందం 1968లో ప్రకటించింది. మన దేశానికీ ఇందులో గట్టి వాటా ఉంది. సీవీ రామన్ మేనల్లుడు ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో 1977లో పళ్ళేల్లాంటి చదునైన అణువులతో ఏర్పడే కొత్తరకం ద్రవ స్ఫటికాలను కనుక్కున్నారు. కంప్యూటర్ తెరని పక్కనుంచి చూసినా రంగులు తలకిందులు కాకుండా ఉండడానికి వాడిన పల్చటి పొరలు ఈ రకం అణువులతో చేసినవే.

ఇక చీకటి తెర సంగతి. వెలుగు వేరు, బొమ్మ వేరు అన్న నిర్మాణం వల్ల ఇంట్లోనే చెయ్యగల గొప్ప పరీక్ష ఒకటి దొరికింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే సంభాషణ ఇలా నడుస్తుంది:

"అన్నా, సౌండ్ వస్తోంది, బొమ్మ రావట్లేదు."

"స్విచ్ వెయ్యగానే ఒకసారి మెరిసి ఆరిపోతోందా అమ్మా?"

"అవునన్నా, కంపెనీ పేరు కనపడుతుంది, వెంటనే పోతుంది."

"గదిలో లైట్లు తీసేసి, తెరకి దగ్గరగా ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూడండి. రిమోట్‌తో మెనూ నొక్కండి. అక్షరాలు లీలగా కనపడతాయేమో చెప్పండి."

టార్చి వెలుగు పడ్డ చోట మెనూ అక్షరాలో, కదిలే మనుషుల నీడలో మసగ్గా కనిపిస్తే ప్యానెల్ తన పని తాను చేస్తున్నట్టే. బొమ్మ గాజులో ఉంది, దాన్ని చూపించే వెలుగు లేదు. టార్చి వేసినా ఏమీ కనపడకపోతే సంగతి వేరు. అప్పుడు బొమ్మే గాజుదాకా రావట్లేదు.

మూత విప్పి, గాజు ప్యానెల్‌ని సక్షన్ కప్పులతో జాగ్రత్తగా పైకెత్తి, కింద ఉన్న తెల్లటి పల్చటి షీట్లు తీస్తే దీపాలు కనిపిస్తాయి. వేలెడు వెడల్పు పట్టీల మీద జానెడు, అరజానెడు దూరంలో ఒక్కో ఎల్‌ఈడీ, దాని మీద బొత్తాం పరిమాణంలో పారదర్శకమైన ప్లాస్టిక్ లెన్స్. ఒక్కో ఎల్‌ఈడీకి సుమారు మూడు వోల్టులు కావాలి, కొన్ని రకాలకి ఆరు. వాటిని పండగకి గుమ్మానికి కట్టే సీరియల్ బల్బుల దండలాగే ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఉంచుతారు. ఒక్కటి తెగితే దండ మొత్తం ఆరిపోతుంది. దీపాలకి కరెంటు పంపే సర్క్యూట్ అది గమనించి, ప్రమాదమనుకుని మిగతావాటిని కూడా ఆపేస్తుంది. స్విచ్ వెయ్యగానే ఒక్క క్షణం మెరిసి ఆరిపోవడానికి కారణం ఇదే. సర్క్యూట్ ప్రయత్నించింది, కరెంటు సరిగా పారలేదు, ఆపేసింది. మెకానిక్ టెస్టర్ రెండు మొనలు ఒక్కో ఎల్‌ఈడీకి ఆనించుకుంటూ పోతాడు. వెలగనిది దొరుకుతుంది. పరకాయించి చూస్తే దాని పసుపు ముఖం మధ్య నల్లటి చుక్క కాలి ఉంటుంది.

పోయిన ఒక్కదాన్ని మార్చడమా, పట్టీలన్నీ మార్చడమా అన్నది ఇక్కడ తేల్చుకోవలసిన విషయం. నా మాట పట్టీలన్నీ మార్చమనే. అన్నీ ఒకే వయసువి, ఒకే వేడి తిన్నవి. ఒకటి పోయిందంటే మిగతావి కూడా దగ్గరపడ్డట్టే. పైగా ఆ గాజు ప్యానెల్‌ని ఎత్తిన ప్రతిసారీ అది పగిలే ప్రమాదం ఉంది. రెండోసారి ఎత్తకుండా ఉండడం మంచిది.

వెలుగు వ్యవస్థకే చెందిన ఇంకో రెండు గుర్తులున్నాయి. తెర మీద అక్కడక్కడా గుండ్రటి తెల్ల మచ్చలు, ఏ ఛానెల్ పెట్టినా అదే చోట కనిపిస్తే, వేడికి జిగురు ఊడి లెన్సులు పడిపోయాయన్నమాట. లెన్స్ లేని ఎల్‌ఈడీ వెలుగు చుట్టూ పరుచుకోకుండా ఒకేచోట గుచ్చినట్టు పడుతుంది. రెండోది, తెరంతా నీలంగానో ఊదాగానో మారడం. తెల్ల ఎల్‌ఈడీ అనేది లోపల నీలం ఎల్‌ఈడీయే. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫర్ కొంత నీలాన్ని పసుపుగా మారుస్తుంది, రెండూ కలిసి కంటికి తెల్లగా తోస్తాయి. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఏళ్ళ తరబడి వేడికి ఫాస్ఫర్ క్షీణిస్తే అడుగున ఉన్న నీలం బయటపడుతుంది. సెట్టింగుల్లో రంగులు ఎంత తిప్పినా ఇది సర్దుకోదు. పట్టీలు మార్చాల్సిందే.

ఎల్‌ఈడీలని చంపేది వేడి, వేడిని పెంచేది కరెంటు. దుకాణంలో పదిటి మధ్య కొట్టొచ్చినట్టు కనపడాలని టీవీలని "వివిడ్" మోడ్‌లో పెడతారు. వెనక దీపం పూర్తి స్థాయిలో మండుతుంది. ఇంటికొచ్చాక కూడా ఏళ్ళ తరబడి అదే మోడ్‌లో ఉంచేవాళ్ళే ఎక్కువ. మెనూలో "బ్యాక్‌లైట్" అన్నదాన్ని సగానికి తగ్గిస్తే రాత్రిపూట కంటికి హాయి, దీపాలకి ఆయుష్షు. చాలా టీవీల్లో "బ్రైట్‌నెస్" అన్నది దీపాన్ని తగ్గించదని గుర్తుంచుకోండి. అది నలుపు ఎంత నల్లగా ఉండాలో మాత్రమే మారుస్తుంది. కొన్ని కొత్త టీవీల్లో మాత్రం పేర్లు తారుమారయ్యాయి, కాబట్టి నల్లటి దృశ్యం పెట్టి మార్చి చూడండి.

మెనూ ఒక సాక్షి

చీకటి కాని లోపాలకి, అంటే గీతలకి, గళ్ళకి, తప్పుడు రంగులకి, ఒకే ఒక పరీక్షతో మొదలుపెట్టాలి. రిమోట్‌లో మెనూ బటన్ నొక్కాలి. సెట్‌టాప్ బాక్స్ రిమోట్ కాదు, టీవీ రిమోట్.

మెనూ బయటినుంచి రాదు. దాన్ని టీవీ మెయిన్ బోర్డే వేస్తుంది. బొమ్మ బయటినుంచి వచ్చి, మెనూ ఇంట్లో పుట్టి, రెండూ కలిసి అక్కణ్ణుంచి ఒకే దారిలో గాజు దాకా పోతాయి. కాబట్టి వెనక బొమ్మ ముక్కలవుతున్నా మెనూ తేటగా ఉందంటే, తప్పు బయట ఉంది: డిష్, కేబుల్, సెట్‌టాప్ బాక్స్, వైరు. టీవీకి ఏమీ కాలేదు. మెనూ మీద కూడా అదే గీత, అదే మసక ఉంటే తప్పు టీవీలో ఉంది, అందులోనూ చాలావరకు గాజుకి దగ్గర్లో. మెయిన్ బోర్డే చెడినప్పుడు ఈ సాక్ష్యం కొంచెం తడబడుతుంది, అయినా చాలాసార్లు దారి చూపిస్తుంది.

మెకానిక్‌కి వాట్సాప్‌లో ఫోటో పంపేవాళ్ళకి ఒక మాట. ఫోన్ కెమెరాలో కనిపించే నల్లటి అడ్డపట్టీలు, ఇంద్రధనుస్సు అలలు టీవీ లోపాలు కావు. దీపం వెలిగి ఆరే వేగం, తెర గళ్ళు, కెమెరా పనిచేసే వేగంతో, దాని గళ్ళతో పొసగక పుట్టే ఆకారాలవి. మీ కంటికి కనిపించినదాన్ని మాటల్లో చెప్పండి, మెనూ తెరిచి వీడియో తీసి పంపండి.

గీతలు ఎక్కణ్ణుంచి వస్తాయి

ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080 వరుసలు. ప్రతి చుక్కలో మూడు రంగుల గళ్ళు. అంటే గాజు మీద పైనుంచి కిందికి 5,760 తీగలు, అడ్డంగా 1,080 తీగలు చెక్కి ఉంటాయి. ఫోర్‌కే తెరలో నిలువు తీగలే 11,520. ఒక అడ్డ తీగ "ఇప్పుడు ఈ వరుస వంతు" అని చెబుతుంది. ఆ క్షణంలో నిలువు తీగలన్నీ ఆ వరుసలోని గళ్ళకి ఎంతెంత వోల్టేజి ఇవ్వాలో ఇచ్చేస్తాయి. తర్వాత కింది వరుస. సెకనుకి 60 సార్లు పైనుంచి కిందికి ఇలా సాగుతుంది.

ఇది తెలిస్తే గీతల భాష తెలిసినట్టే. సన్నటి నిలువు గీత, ఎర్రగానో ఆకుపచ్చగానో నీలంగానో, పైనుంచి కిందిదాకా ఉందంటే ఒకే ఒక నిలువు తీగకి సంకేతం అందట్లేదు. నిలువుగా అంగుళాల వెడల్పున పట్టీ పోయిందంటే పోయింది తీగ కాదు, దాని చిప్. ఫుల్ హెచ్‌డీ ప్యానెల్‌లో 960 తీగలని చూసుకునే చిప్‌లయితే ఆరు కావాలి. ఒకటి పోతే తెరలో ఆరో వంతు పట్టీగా పోతుంది. అడ్డగీతలు రెండో జట్టు తీగలవి. కొత్త ప్యానెళ్ళలో అడ్డ తీగల సర్క్యూట్‌ని చాలావరకు గాజు అంచు మీదే నిర్మిస్తున్నారు. విడిగా తీసి మార్చడానికి అక్కడ చిప్ లేదు. అడ్డగీతలకి బాగు కష్టమనడానికి ఇదీ కారణం.

నిలువు తీగల చిప్ కూర్చున్న చోటు చూడదగ్గది. ప్యానెల్ అంచున గోధుమరంగు ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్కలు, పోస్టల్ స్టాంపుకన్నా కొంచెం పెద్దవి, వరుసగా అతికించి ఉంటాయి. ఒక్కో ఫిల్మ్ మధ్యలో సన్నటి నల్ల కడ్డీలా చిప్. ఫిల్మ్ ఒక అంచు బోర్డుకి, రెండో అంచు గాజుకి. మెకానిక్‌లు సీఓఎఫ్ అనేది దీన్నే. ఆ రెండో అంచులో వందల తీగలు వెంట్రుకకన్నా తక్కువ ఎడంలో ఉంటాయి, సోల్డరింగ్ సాధ్యం కాదు. లోహపు పూత ఉన్న అతిసూక్ష్మ గోళీలు కలిపిన జిగురు పట్టీని మధ్యలో పెట్టి, వేడితో, ఒత్తిడితో నొక్కుతారు. గోళీలు పైతీగకీ కిందితీగకీ మధ్య నలిగి కరెంటు కలుపుతాయి. పక్కతీగకి మాత్రం కలపవు. ఇంత నాజూకైన అతుకు వేడి చల్లదనాల మధ్య వ్యాకోచించి సంకోచించి ఏదో ఒకరోజు వదులైతే గీత పడుతుంది. అంచు మీద మెల్లిగా వేలితో ఒత్తితే గీత పోయి, వదిలితే మళ్ళీ వస్తే, అతుకు వదులైందనే అర్థం. కొందరు మెకానిక్‌లు అక్కడ టేపు మడిచి పెట్టి బిగించి ఇస్తారు. అది కొన్నాళ్ళే. పెద్ద ఊళ్ళలో బాండింగ్ మెషీన్ ఉన్న దుకాణాలు ఫిల్మ్‌ని తీసి కొత్తది అతికిస్తున్నాయి. సరిగ్గా కుదిరితే అదే అసలు బాగు.

ఈ అతుకులు మన చేతుల్లోనే చనిపోతున్నాయన్నది నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. దుమ్ము తుడవడానికి తెర మీద నేరుగా నీళ్ళో, గాజు తుడిచే ద్రవమో చల్లుతారు. చుక్కలు జారి కింది ఫ్రేములోకి దిగుతాయి. చాలా టీవీల్లో ఆ ఫిల్మ్‌లు సరిగ్గా అక్కడే, కింది అంచునే ఉంటాయి. లోపల కరెంటు ఉండగా తడి తగిలితే తీగలు తుప్పుపట్టి, కాలి, కొద్దిరోజుల్లో కింది అంచునుంచి గీతలు లేస్తాయి. దానికి వారంటీ కూడా వర్తించదు. టీవీ కట్టేసి, మెత్తటి పొడిబట్టతో తుడవండి. మరక పోకపోతే బట్ట మూలని కొద్దిగా తడిపి, పిండి, పైనుంచి తుడవండి. తెర మీద మాత్రం ఒక్క చుక్క చల్లకండి. ఇంట్లో పనిచేసేవాళ్ళకి కూడా ఈ మాట చెప్పండి.

సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి కూడా ఇదే పని నెమ్మదిగా చేస్తుంది. బోర్డుల మధ్య ఉండే వెడల్పాటి రిబ్బన్ కేబుల్ చివర్ల మీద పొర కడుతుంది. సగం తెర పోవడం, రంగులు ఫోటో నెగెటివ్‌లా తిరగబడడం, ఒకే బొమ్మ రెండుగా కనిపించడం వంటి లోపాలకి ఆ కేబులో, టీకాన్ అనే చిన్న బోర్డో కారణం కావచ్చు. మెయిన్ బోర్డు పంపిన బొమ్మని గాజు తీగల వరుసలకి తగ్గట్టు విడదీసేది టీకాన్. కేబుల్ తీసి శుభ్రం చేసి మళ్ళీ పెట్టగానే బాగుపడ్డ టీవీలు ఎన్నో ఉన్నాయి. బల్లులు, చీమలు కూడా వెచ్చదనానికి వెనక చిల్లుల్లోంచి దూరి బోర్డుల మీద చనిపోతుంటాయి. గోడకి పూర్తిగా ఆనించకుండా కాస్త ఎడముంచి, ఏడాదికోసారి చిల్లుల దగ్గర దుమ్ము తీయించడం మంచిది.

తెర మీద సాలెగూడులా, సిరా ఒలికినట్టు మరక ఉంటే గాజు పగిలింది. దీనికి బాగు లేదు.

గళ్ళు, ముక్కలు, వాన

బొమ్మ గళ్ళుగా చీలి, ముఖాలు ముక్కలై, మధ్యమధ్య ఆగిపోతుంటే, మెనూ మాత్రం తేటగా ఉంటే, ఇది సంకేతం తప్పు. గళ్ళే ఎందుకు? ఫుల్ హెచ్‌డీ బొమ్మలు సెకనుకి 25 చొప్పున, ఏమీ కుదించకుండా పంపాలంటే సెకనుకి 124 కోట్ల బిట్లు కావాలి. ఛానెల్‌కి దొరికే చోటు అందులో నూరో వంతు కూడా లేదు. అందుకని బొమ్మని 16 చుక్కల పొడవు, 16 చుక్కల వెడల్పున్న చదరాలుగా కోసి కుదిస్తారు. పూర్తి బొమ్మని అప్పుడప్పుడే పంపుతారు. మధ్యలో పంపేది "ఈ చదరం ఇంత జరిగింది" అన్న మార్పులు మాత్రమే. దారిలో కొన్ని బిట్లు పోతే కొన్ని చదరాలకి సమాచారం ఉండదు. పాత ముక్క అక్కడే అంటుకుని ఉండిపోతుంది, దాని మీద కొత్త కదలికలు పడతాయి. మళ్ళీ పూర్తి బొమ్మ వచ్చేసరికి ఒక్కసారిగా అంతా సర్దుకుంటుంది. దూరదర్శన్ పాతరోజుల్లో యాంటెన్నా తిప్పితే బొమ్మ మీద చుక్కలు నెమ్మదిగా పెరిగేవి, తగ్గేవి. డిజిటల్‌లో ఆ మధ్యస్థితి లేదు. కొన్ని తప్పుల వరకు సెట్‌టాప్ బాక్స్ తనంతట తానే సరిదిద్దుతుంది, తెర అద్దంలా ఉంటుంది. ఆ హద్దు దాటగానే బొమ్మ కుప్పకూలుతుంది.

డిష్ ఉన్న ఇంట్లో వానకి బొమ్మ పోవడం ఆ హద్దు దాటడమే. మన దేశంలో డీటీహెచ్ కేయూ బ్యాండ్‌లో వస్తుంది, తరంగదైర్ఘ్యం సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కొద్ది మిల్లీమీటర్ల వాన చినుకులు ఆ తరంగాలని బాగా పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. తుంపర ఏమీ చెయ్యదు, పెద్ద చినుకుల కుంభవృష్టి చేస్తుంది. డీడీ ఫ్రీడిష్ వచ్చే ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. హైదరాబాద్ నుంచి చూస్తే దాని దిశ ఆగ్నేయం. అందుకే మీ మేడ మీద చినుకు పడకపోయినా, ఆగ్నేయంలో దట్టంగా మబ్బు పట్టి వాన కురుస్తుంటే బొమ్మ పోతుంది. మీ మేడ మీద వాన పడుతున్నా, మబ్బు ఆ వైపు లేకపోతే బొమ్మ ఉండొచ్చు. వాన ఆగగానే అదే వస్తుంది, ఎవరినీ పిలవక్కర్లేదు.

ఎండకాసినా ముక్కలవుతుంటే సెట్‌టాప్ బాక్స్ మెనూలో సిగ్నల్ పేజీ తెరిచి చూడండి. స్ట్రెంత్, క్వాలిటీ అని రెండు కొలతలుంటాయి. స్ట్రెంత్ బాగుండి క్వాలిటీ పడిపోతుంటే డిష్ కాస్త పక్కకి జరిగిందో, కొబ్బరాకో కొత్త కొమ్మో అడ్డొచ్చిందో చూడాలి. రెండూ తక్కువైతే వైరు, పిన్ను. మేడ మీద ఎండకీ వానకీ ఉన్న కనెక్టర్‌లో నీళ్ళు దిగి రాగి పచ్చబడి ఉంటుంది. కేబుల్ ఇళ్ళలో అదే వైరుని రెండు మూడు గదులకి చీల్చిన స్ప్లిటర్ దగ్గర మొదలుపెట్టాలి. ఇంటర్నెట్ మీద సినిమా చూసేటప్పుడు గళ్ళ బదులు బొమ్మ కాసేపు మసకబారి తేటపడుతుంది. వేగం తగ్గినప్పుడు తక్కువ నాణ్యత ప్రతిని పంపే ఏర్పాటు అది. టీవీ జోలికి పోకండి, వైఫై చూడండి.

తెర నిండా మెరుపు చుక్కలు మిణుకుమిణుకుమంటూ, మధ్యమధ్య ఒక సెకను నల్లబడుతుంటే హెచ్‌డీఎంఐ వైరు. ఇంకో వైరు, ఇంకో పోర్టు మార్చి చూడండి. బొమ్మ నలుపు తెలుపులో వస్తుంటే పాత మూడు రంగుల ఏవీ పిన్నులు సరిగా ఉన్నాయో లేదో, కలర్ సిస్టమ్ సెట్టింగులో పాల్ బదులు ఎన్‌టీఎస్‌సీ పడిందేమో చూడండి. తెర అంచులు కోసుకుపోయి స్క్రోలింగ్ సగమే కనిపిస్తే అది లోపం కాదు, పిక్చర్ సైజు సెట్టింగు.

ఓఎల్‌ఈడీ ఉన్నవాళ్ళకి

ఓఎల్‌ఈడీ టీవీల్లో వెనక దీపం లేదు. ప్రతి గడీ తానే వెలుగుతుంది. టార్చి పరీక్ష దీనికి పనికిరాదు. దీని జబ్బు వేరు. ఎక్కువ వెలిగిన గళ్ళు ఎక్కువ అరుగుతాయి. మన తెలుగు వార్తా ఛానెళ్ళలో లోగో, కింద ఎర్ర పట్టీ, పైన ఇంకో పట్టీ రోజంతా కదలకుండా ఉంటాయి. రోజూ గంటల తరబడి అదే ఛానెల్ పెట్టి ఉంచే ఇంట్లో ఆ పట్టీల నీడ సినిమాలో కూడా కనిపించడం మొదలవుతుంది. ఈ అరుగుదలని సరిచెయ్యడానికి టీవీయే రిమోట్‌తో కట్టేశాక స్టాండ్‌బైలో కొంతసేపు పనిచేస్తుంది. మనకేమో గోడ దగ్గర స్విచ్ కట్టేసే అలవాటు. ఓఎల్‌ఈడీ విషయంలో రిమోట్‌తో కట్టేసి కొంతసేపు అలా ఉండనివ్వండి, ఆ తర్వాత గోడ స్విచ్ తియ్యండి. రోజంతా వార్తలు నడిచే ఇంటికి వెనక దీపమున్న మామూలు టీవీయే మంచిదని నా అభిప్రాయం.

మూత విప్పే ముందు

ఏ లోపమైనా ముందు ప్లగ్గు తీసి అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టి చూడండి. ఇప్పటి టీవీ లోపల కంప్యూటరే ఉంది. చిక్కుబడ్డ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు దీంతోనే సర్దుకుంటుంది. ఉరుములప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు కూడా తియ్యండి. పిడుగుపాటు తాకిడి ఆ వైరు మీదుగా సెట్‌టాప్ బాక్స్‌లోకి, అక్కణ్ణుంచి హెచ్‌డీఎంఐ పోర్టులోకి వస్తుంది. తక్కువ వోల్టేజికి ఇప్పటి టీవీలు తట్టుకుంటాయి. వీధిలో న్యూట్రల్ వైరు తెగితే మాత్రం ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. లైట్లు ఉన్నట్టుండి మరీ కాంతివంతమైతే పరుగున వెళ్ళి మెయిన్ కట్టెయ్యండి.

మూత మాత్రం మీరు విప్పకండి. 230 వోల్టుల మన కరెంటు లోపల డీసీగా మారి ఒక పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టులకి తక్కువ కాకుండా నిలవ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఉంటుంది. ప్రాణాలు తీయగల వోల్టేజి అది.

మెకానిక్ వచ్చాక మొహమాటపడకుండా అడగండి. ప్యానెల్ పోయిందంటే ఏ గుర్తు చూసి అంటున్నారో చెప్పమనండి. తెర నల్లగా ఉంటే టార్చి వేసి చూపించమనండి. మార్చిన పాత పట్టీలని, బోర్డుని మీకు ఇమ్మనండి. పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకి సంతోషిస్తాడు.

నిజంగా గాజే పగిలినా ఆ టీవీలో పవర్ బోర్డు, మెయిన్ బోర్డు, దీపం పట్టీలు బతికే ఉంటాయి. అదే మోడల్‌లో బోర్డు పోయిన ఇంకొకరి టీవీకి అవి కావాలి. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ లాంటి చోట్ల స్పేర్ పార్టులకి గిరాకీ ఉంటుంది. మీ మెకానిక్‌కే ఇచ్చినా పనికొస్తాయి. మిగిలిన పెంకుని చెత్తబండిలో వెయ్యకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిపారేసిన టీవీలని శాస్త్రీయంగా రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. నమోదైన రీసైక్లర్‌కే అప్పగించండి.